సెల్ఫు పలికెను గాని ఇంజను కదలలేదు

తెల్లవారుజామున మదనపల్లె టమాటా మార్కెట్టునకు చేరవలసిన పికప్ బండి, క్రేట్లు నింపుకొని, తాళ్లు బిగింపించుకొని తోట గట్టున సిద్ధముగా నిలిచియుండగా, డ్రైవరు తాళము త్రిప్పిన క్షణమున ఇంజను మేల్కొనుటకు బదులు బానెట్టు క్రింది నుండి ‘టక్’ మను శబ్దము మాత్రమే వినవచ్చుట ఆ వృత్తిలోని వారెవ్వరికిని అపూర్వమైన సంగతి కాదు. ఆ వేళ నలుగురు చేరి నాలుగు మాటలు చెప్పుదురు. ఒకరు త్రోయుదమందురు, ఒకరు సెల్ఫు మోటారు కాలిపోయినదందురు, మరియొకరు క్రొత్త బ్యాటరీ కొనక తప్పదందురు. డ్రైవరు మాత్రము హెడ్‌లైట్లు వెలిగించి చూచి, ‘‘లైట్లు బాగానే ఎలగతా ఉండాయి కదన్నా, బ్యాట్రీకేమైంది?’’ అని ఆశ్చర్యపడును. ఆ ప్రశ్న అమాయకముగా తోచినను, విద్యుచ్ఛాస్త్రపు మూలసూత్రమొకటి దానియందే ఇమిడియున్నది. దీపములు వెలుగుటయు ఇంజను తిరుగకుండుటయు ఏకకాలమున ఎట్లు సంభవించునో గ్రహించినవానికి ఆ శబ్దమే లోపమున్న తావును చెప్పు సాక్షి యగును. గ్రహింపనివాడు మంచి వస్తువును తీసివైచి క్రొత్తది బిగించి, మరునాడు మరల అదే శబ్దమును వినును.

తాళము త్రిప్పినప్పుడు జరుగు కార్యక్రమము రెండు అంచెలుగా నడచును. తాళపు స్విచ్చి గుండ ప్రవహించు స్వల్పవిద్యుత్తు మొదట సెల్ఫు మోటారు నెత్తిన కూర్చున్న సాలినాయిడ్ అను విద్యుదయస్కాంతమును చేరును. ఆ గొట్టములోని తీగచుట్ట అయస్కాంతమై, మధ్యనున్న ఇనుప కడ్డీని లోనికి లాగగా, ఆ కడ్డీ యొక చివర చిన్న పళ్లచక్రమును ముందునకు నెట్టి ఫ్లైవీలు అంచున నున్న పళ్లతో కలుపును. రెండవ చివర రాగిబిళ్ల నొకదానిని రెండు లావుపాటి బోల్టుల తలలకు అదిమి, బ్యాటరీకిని మోటారునకును నడుమ రాజమార్గమును తెరచును. మనము వినెడి ‘టక్’ ఈ కడ్డీ లోనికి వచ్చి తగిలిన చప్పుడే. కనుక ఆ శబ్దము వినవచ్చినదన్నచో తాళపు స్విచ్చి, రిలే, క్లచ్చి పెడలు వద్ద నుండు రక్షణ స్విచ్చి, వీని నడుమ నున్న సన్నని తీగలు, ఇవి యన్నియు తమ పని తాము చేసినవని చాలవరకు నిశ్చయింపవచ్చును. శబ్దమే రాకున్నచో వెదకవలసిన చోటు వేరు. ఆ సంగతి ఇచట ప్రస్తుతము కాదు.

విద్యున్మోటారుచేత ఇంజనును త్రిప్పు పద్ధతిని వాడుకలోనికి తెచ్చినవాడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున డేటన్ నగరమందు పనిచేసిన చార్లెస్ కెటరింగ్. అంతకు పూర్వము ఇంజనును ఇనుప హ్యాండిలుతో చేత త్రిప్పుచుండిరి. ఇంజను వెనుకకు తన్నినప్పుడు ఆ హ్యాండిలు చేతి యెముకలు విరుగగొట్టుట సాధారణముగా నుండెను. కారు ఇంజనును త్రిప్పగల విద్యున్మోటారు కారంత ఉండవలసివచ్చునని నాటి ఇంజనీర్లలో పలువురు తలపోయుచుండగా, అంతకుముందు నగదు పెట్టెల కర్మాగారమున కొద్దిపాటి మోటారుచేత ఆ పెట్టెలను తెరపించిన అనుభవముగల కెటరింగ్, నిరంతరము శ్రమింపవలసిన మోటారు వేరు, కొన్ని సెకండ్లు మాత్రము శక్తికి మించిన భారమును మోసి విశ్రమింపదగిన మోటారు వేరు, అని గుర్తెరిగెను. 1912 నాటి క్యాడిలాక్ కార్లతో ఆ సెల్ఫు లోకమున వ్యాపించెను. నేటికిని సెల్ఫును పది సెకండ్లకు మించి ఏకధాటిగా త్రిప్పరాదనియు, త్రిప్పినచో కొంతసేపు చల్లారనీయవలెననియు పెద్ద మెకానిక్కులు చెప్పు మాట ఈ మూలము నుండి పుట్టినదే.

ఇక మోటారు మొదటి క్షణమున ఎంత విద్యుత్తును కోరునో చూడవలెను. తిరుగుచున్న మోటారు తనయందే ఒక ప్రతికూల విద్యుచ్చాలక బలమును పుట్టించుకొనును. వేగము పెరిగినకొలది అది పెరిగి, బ్యాటరీ నుండి వచ్చు ప్రవాహమును తానే అరికట్టును. నిశ్చలముగా నున్న మోటారునకు ఈ అడ్డు లేదు. తిరునాళ్లలో తేరును లాగునప్పుడు ఒకసారి చక్రములు దొర్లిన పిమ్మట పదిమంది చేతులు చాలినను, తొలి కదలికకు ఊరంతయు మోకు పట్టవలసివచ్చినట్లు, సెల్ఫునకును ఆరంభమే పరమకఠినమైన ఘట్టము. అందునను పికప్ బండ్లలో నుండునవి డీజిలు ఇంజనులు. అవి గాలిని సుమారు పదునారు పదునెనిమిదింతలు కుదించి, ఆ సంపీడనపు వేడిమిచేతనే ఇంధనమును మండించునవి. అట్టి ఇంజనును త్రిప్పుచున్నప్పుడు మోటారు 200 ఆంపియర్లకు పైబడి తీసికొనుట సాధారణము. కదలని తొలి క్షణమున అది 400 ఆంపియర్లను తాకవచ్చును. రెండు హెడ్‌లైట్లును కలిసి తీసికొనునది పది ఆంపియర్లు మాత్రమే.

జర్మన్ శాస్త్రజ్ఞుడు గియార్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రము ఈ రెండంకెల నడుమనున్న అంతరమును చక్కగా విప్పి చెప్పును. ప్రవాహమును నిరోధముచేత గుణించినచో ఆ నిరోధము మ్రింగివేయు వోల్టేజి వచ్చును. నిండుగా చార్జియైన బ్యాటరీ 12.6 వోల్టులనియు, దాని ఆంతరిక నిరోధము ఓములో నూరవ వంతనియు, నిశ్చలమైన మోటారు నిరోధము ఓములో యాబదవ వంతనియు అనుకొందము. త్రోవ శుభ్రముగా నున్నప్పుడు 420 ఆంపియర్లు ప్రవహించును, మోటారునకు 8.4 వోల్టులు దక్కును. ఇపుడు బ్యాటరీ టెర్మినలు వద్ద పట్టిన చిలుము వలన ఆ చోట ఓములో ఇరువదవ వంతు, అనగా 0.05 ఓము, నిరోధము క్రొత్తగా ఏర్పడినదనుకొందము. ప్రవాహము 157 ఆంపియర్లకు పడిపోవును. మోటారునకు చేరునది 3 వోల్టులకు కొంచెము పైన. తక్కిన దానిలో సుమారు 8 వోల్టులు ఆ చిలుమునందే వ్యర్థమగును. ఇది కిలోవాటుకు మించిన శక్తి. గోరంత జాగాలో వేడిగా మారును. ఆ స్థితిలో మోటారు త్రిప్పుడు బలము సగము కంటెను తగ్గిపోవును. చుట్టలతో అయస్కాంతమును పుట్టించుకొను పాతరకపు మోటార్లలో ఇంకను ఎక్కువగా తగ్గును. ఇంజను కదలదు.

అదే చిలుము గుండ హెడ్‌లైట్లకు పోవు పది ఆంపియర్లు ప్రవహించినప్పుడు నష్టము అర వోల్టు మాత్రమే. కన్ను ఆ భేదమును గుర్తింపజాలదు. డ్రైవరు అడిగిన ప్రశ్నకు ఇదియే సమాధానము. దీపము వెలుగుట వలన బ్యాటరీలో కొంత విద్యుత్తు ఉన్నదని మాత్రమే తెలియును. అది మహాప్రవాహమును ఈయగలదా, మార్గము దానిని మోయగలదా యను విషయము తెలియదు. మీటరు పెట్టి బ్యాటరీ 12.6 చూపుచున్నదని తృప్తిపడు మెకానిక్కు సైతము ఈ పొరపాటే చేయుచున్నాడు. ఏలయన ఆ మీటరు గుండ పోవు విద్యుత్తు లెక్కకు రానంత స్వల్పము. ప్రవాహము నడచునప్పుడు కొలువని కొలత ఈ వ్యాధి నిర్ణయమున కొరగాదని నా నిశ్చితాభిప్రాయము.

ఇప్పుడు శబ్దమును శ్రద్ధగా వినవలెను. అది రెండు విధములు. తాళము పట్టియున్నంతసేపు ‘టకటకటక’ మని ఎడతెగక కొట్టుకొనుట యొకటి. ఒక్కమారు గట్టిగా ‘టక్’ మని ఊరకుండుట రెండవది. ఈ భేదమునకు కారణము సాలినాయిడ్ లోపలి నిర్మాణమున నున్నది. దానియందు రెండు చుట్టలు కలవు: కడ్డీని దూరము నుండి లాగుటకు బలమైన చుట్ట యొకటి, లాగిన పిదప పట్టి నిలుపుటకు సన్నని చుట్ట యొకటి. అయస్కాంతమునకును ఇనుమునకును నడుమ ఎడము తగ్గినకొలది ఆకర్షణ అత్యధికముగా పెరుగును గావున, పట్టి నిలుపుటకు స్వల్పశక్తి చాలును. లాగెడు చుట్ట రెండవ కొన మోటారు గుండ ఎర్తునకు కలుపబడియుండుటచే, రాగిబిళ్ల అంటుకొన్న క్షణమున ఆ చుట్టకు రెండు కొనలయందును ఒకే వోల్టేజి ఏర్పడి అది తనంత తాను నిద్రించును. విద్యుత్తును వృథా చేయక పనిని ముగించు ఈ యుక్తి ఎంత చూచినను ముచ్చటగొల్పును.

బ్యాటరీ బలహీనమైనపుడు గాని, బ్యాటరీ వద్ద పట్టు వదులైనపుడు గాని ఏమగును? కడ్డీ లోనికి వచ్చును; బిళ్ల అంటుకొనును; మోటారు ఒక్కుమ్మడిగా విద్యుత్తును పీల్చును; సాలినాయిడునకు అందు వోల్టేజియే మూడు నాలుగు వోల్టులకు కుప్పకూలును; నిలుపు చుట్టకు పట్టు సడలును; స్ప్రింగు కడ్డీని వెనుకకు త్రోయును. త్రోయగానే ప్రవాహము తెగి వోల్టేజి మరల లేచును. కడ్డీ మరల లోనికి పోవును. ఇది సెకండునకు పలుమారులు జరుగుటయే ఆ టకటక. కావున ఎడతెగని టకటక వినవచ్చినచో లోపము సాలినాయిడునకు ముందు, అనగా బ్యాటరీలోనో, దాని టెర్మినళ్లలోనో, ఎర్తు పట్టీలోనో ఉండును. ఒక్క ‘టక్’ మాత్రమే వినవచ్చినచో నిలుపు చుట్టకు కావలసిన వోల్టేజి నిలిచియే యున్నదన్నమాట. అప్పుడు లోపము దానికి తరువాత, అనగా రాగిబిళ్లలోనో, మోటారులోనో, ఇంజనులోనో ఉండుట అధికసంభావ్యము. ఈ నియమమునకు అపవాదములు లేకపోలేదు; మిక్కిలి దిగిపోయిన బ్యాటరీ ఒక్కొకప్పుడు ఒక్క మెత్తని చప్పుడుతో ఊరకుండును. అయినను వెదకుటకు మొదటి దిక్కును ఈ చెవిపరీక్షయే చూపును.

దీనికి తోడుగా బండిలోపలి దీపమును వెలిగించి, దానిని చూచుచు తాళము త్రిప్పవలెను. ‘టక్’ మన్నను దీపము చెక్కుచెదరక వెలుగుచున్నచో మోటారునకు విద్యుత్తు పోవుటయే లేదు. రాగిబిళ్ల మాడినదో, మోటారులోని కార్బన్లు అరిగినవో. ‘టక్’ మనుటతోడనే దీపము మినుకుమినుకుమని క్రుంగినచో విద్యుత్తు ఎక్కడికో ఉద్ధృతముగా పోవుచునే యున్నది, లేదా పోబోయి ఇరుకున చిక్కుకొనుచున్నది.

టకటక మన్న బండికి మొట్టమొదట చూడవలసినది టెర్మినళ్లు. పైకి కనబడు తెల్లని, పచ్చని పొడిని గుడ్డతో తుడిచి సరిపెట్టుకొనువారు మెండు. అసలు దోషము కంటికి కనబడని చోట, క్లాంపు లోపలి వలయమునకును సీసపు స్తంభమునకును నడుమ నుండును. 10వ నంబరు పానాతో నట్టు వదలించి క్లాంపును పైకి తీసి చూచినచో, మిలమిల మెరయవలసిన సీసము మీద గోధుమరంగు కలిసిన నల్లని పొర యొకటి కనబడును. ఆమ్లపు ఆవిరి సోకి ఏర్పడిన లెడ్ సల్ఫేటు, ఆక్సైడులు అందుండును. అవి విద్యుత్తును సరిగా ప్రవహింపనీయవు. వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితముతో రెండు తలములను మెరయునట్లు రుద్ది, గట్టిగా బిగించి, పైన పలుచగా వ్యాజలైను పూసినచో చాలును. విప్పునపుడు ఎర్తు తీగను, అనగా నెగెటివును, ముందుగా తీయవలెను. బిగించునప్పుడు దానిని కట్టకడపట బిగింపవలెను. ఈ క్రమము తప్పినచో పాజిటివు మీదనున్న పానా బండి ఇనుమును తాకి నిప్పులు కురియును.

ఇంతటితో తీరకున్న, మీటరు పట్టవలెను. గేరు న్యూట్రలునందుండి హ్యాండ్‌బ్రేకు వేసియుండగా ఒకరు తాళమును పట్టియుంచగా, రెండవవారు మీటరు రెండు మొనలను బ్యాటరీ పాజిటివు స్తంభము మీదను, సెల్ఫు లావుబోల్టు మీదను ఆనించినచో, ఆ తీగలో వ్యర్థమగు వోల్టేజి తెలియును. అది అర వోల్టుకు మించరాదు. మోటారు ఉక్కుడొప్ప నుండి బ్యాటరీ నెగెటివు స్తంభమునకు అట్లే కొలువగా 0.2 లేక 0.3 వోల్టుల లోపల ఉండవలెను. సాలినాయిడ్ రెండు లావుబోల్టుల నడుమ కొలిచినపుడు పూర్తి 12 వోల్టులు కనబడినచో రాగిబిళ్ల అంటుకొనుటలేదని ఋజువైనది. వలయములోని వోల్టేజి పతనములన్నియు కలిసి బ్యాటరీ బలమునకు సమానము కావలెనను కిర్కాఫ్ నియమము 1845 నాటిది. ఆరోగ్యముగా నున్న త్రోవ మీటరుపై సున్నకు చేరువగా చూపును, రోగమున్న త్రోవ తన యంకెను తానే చెప్పును. దీనిని మించిన సులువైన, నమ్మదగిన పరీక్ష మరొకటి లేదు. మీటరు ఖరీదు ఒక సెల్ఫు మోటారు ఖరీదులో స్వల్పభాగము.

ఎర్తు పట్టీని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను, ఏలయన దానిని ఎవ్వరును తలపరు. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుండుటచే బండి చట్రమునకును దానికిని విద్యుత్సంబంధము అల్లిన రాగిపట్టీ యొకదానిచేతనే ఏర్పడును. బురదలోను ఉప్పుగాలిలోను తిరుగు బండ్లకు ఆ పట్టీ తుప్పుపట్టి తెగినపుడు, మహాప్రవాహము వేరు త్రోవ దొరకక యాక్సిలరేటరు కేబులునో, గేరు కేబులునో పట్టుకొని పోవును. సెల్ఫు కొట్టిన తరువాత ఆ కేబులు వేడెక్కినచో ఎర్తు తెగినదని తలపవలెను. జంపరు తీగతో ఇంజనును బ్యాటరీ నెగెటివునకు సూటిగా కలుపగానే బండి స్టార్టయినచో సందేహము తీరినట్లే.

బ్యాటరీ విషయమునకు వత్తము. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటె 1859లో సీసపు పలకలను గంధకామ్లమున ముంచి నిర్మించిన సంచయకమే నేటికిని బండ్లలో నున్నది. విద్యుత్తు వెలువడునపుడు రెండు పలకలును లెడ్ సల్ఫేటుగా మారును; ఆమ్లము నీటిగా మారుచు పలుచబడును. అందుచేతనే హైడ్రోమీటరుతో సాంద్రతను కొలిచి చార్జిని చెప్పవచ్చును: నిండుగా నున్నపుడు సుమారు 1.265, పూర్తిగా దిగినపుడు 1.120 ప్రాంతము. విశ్రాంతిగా నున్న బ్యాటరీ 12.2 వోల్టులు చూపినచో సగము దిగినదనియు, 12కు దిగువ నున్నచో దాదాపు రిక్తమైనదనియు గ్రహింపవలెను. సెల్ఫు కొట్టునప్పుడు 9.6 వోల్టులకు దిగువకు పోవుట మంచి లక్షణము కాదు. దిగిన బ్యాటరీని వారముల తరబడి అట్లే వదలినచో సల్ఫేటు గట్టి స్ఫటికములుగా పేరుకొని మరల చార్జిని స్వీకరింపదు. చలిదేశములలో బ్యాటరీ శీతకాలమున చచ్చునందురు. మన రాయలసీమ యెండలలో, బానెట్టు క్రింది వేడిమిలో, సీసపు జాలకములు త్వరితముగా క్షయించి, నీరు ఆవిరియై పలకలు బయల్పడి, వేసవిలోనే దాని ఆయువు తరుగును. ఆరు గదులలో ఒక దాని లోపలి అతుకు విరిగిన బ్యాటరీ మరింత మోసకారి: ఊరకున్నపుడు 12.6 చూపును, భారము పడగానే శూన్యమగును.

ఒక్క ‘టక్’ మన్న బండి సాలినాయిడును విప్పినచో రాగిబిళ్ల మీద సంవత్సరముల తరబడి రేగిన నిప్పురవ్వలు తొలిచిన గుంటలు కనబడును. ఒక వైపు అరిగి పలుచబడగా, బోల్టు తలలు నల్లబారి యుండును. కొందరు సెల్ఫును జాకీ హ్యాండిలుతో తట్టి స్టార్టు చేయుదురు. ఇరుక్కొన్న కార్బన్లు ఆ తాకిడికి జారి కమ్యుటేటరును తాకుటచే అది ఫలించును. కాని అది ఇల్లు చేరుటకే గాని మరమ్మతు కాదు. స్క్రూడ్రైవరుతో రెండు బోల్టులను కలిపి చూచు అలవాటు మాత్రము మానవలెను. గేరులో నున్న బండి ముందున్న మనిషి మీదికి ఉరుకును.

వేరొక బండి బ్యాటరీతో ఊతమిచ్చునపుడు పాజిటివులను మొదట కలిపి, కడపటి నెగెటివు తీగను దిగిన బ్యాటరీ మీద గాక దూరముగా ఇంజను ఇనుము మీద బిగింపవలెను. చార్జియగు బ్యాటరీ నుండి ఉదజని వాయువు వెలువడును. అది గాలిలో నూటికి నాలుగు వంతులున్నను నిప్పురవ్వకు ప్రేలును. త్రోసి స్టార్టు చేయుట పాత యాంత్రిక పంపుల డీజిలు బండ్లకు చెల్లినది. నేటి కామన్‌రైలు ఇంజనులలో ఇంజెక్టర్లను తెరచునది విద్యుత్తే గావున, పూర్తిగా దిగిన బ్యాటరీతో ఎంత దూరము త్రోసినను ఫలము సున్న. స్టార్టయిన పిదప బ్యాటరీ మీద 13.8 నుండి 14.4 వోల్టులు కనబడినచో ఆల్టర్నేటరు చార్జి చేయుచున్నదని తెలియును. 12 చిల్లర వద్దనే నిలిచినచో, ఎన్ని బ్యాటరీలు మార్చినను రేపు మరల టకటకయే.

కడపటి సందర్భమొకటి మిగిలియున్నది. అందు పట్టుదల ప్రమాదకరము. 2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతమును ముంచినపుడు అనేక వాహనములు నీట మునిగినవి. అట్టి బండి తాళము త్రిప్పినపుడు ఒక్క బరువైన ‘టక్’ మని, దీపములు క్రుంగి, ఇంజను కదలకున్నచో, సిలిండరులోనికి నీరు చేరియుండవచ్చును. గాలి కుదింపబడును, నీరు కుదింపబడదు. పిస్టను పైకి రాజాలదు. మరియొక బండి బ్యాటరీ తెచ్చి బలముగా కొట్టినను, ట్రాక్టరుతో లాగించినను కనెక్టింగు రాడ్డు వంగి ఇంజను చెడును. ముందుగా ఎయిర్ ఫిల్టరు పెట్టె విప్పి తడి యున్నదేమో చూడవలెను. డిప్‌స్టిక్కు తీసి ఆయిలు తెల్లబారినదేమో పరికింపవలెను. అనుమానము కలిగినచో గ్లోప్లగ్గులను గాని ఇంజెక్టర్లను గాని విప్పించి, క్రాంకు పుల్లీ బోల్టునకు పానా వేసి ఇంజనును చేతితో మెల్లగా రెండు పూర్తి చుట్లు త్రిప్పింపవలెను. రంధ్రముల నుండి నీరు చిమ్మి, త్రిప్పుడు తేలికైన పిమ్మట, ఆయిలును ఫిల్టరును మార్పించి, అప్పుడు మాత్రమే తాళమును ముట్టవలెను.